మగ్గపు ఇంటి పిల్లలకు పోలీసు శాఖ పరిచయము

మన సంఘ పత్రికలో సాధారణముగా పట్టు ధర, జరీ ధర, చీరల అమ్మకము, సంఘములకు రావలసిన బాకీలు, వీనిని గురించి వ్రాయుట వాడుక. ఈ మారు బడిపిల్లలకు పోలీసు శాఖను పరిచయము చేయు కార్యక్రమములను గురించి వ్రాయుచున్నాను. నేతవారికిని పోలీసువారికిని సంబంధమేమని కొందరు సభ్యులు అడుగవచ్చును. సంబంధము కలదు. ఈ కార్యక్రమములు ముఖ్యముగా ఎనిమిదవ, తొమ్మిదవ తరగతుల పిల్లల కొరకు ఏర్పడినవి. అనగా పదమూడు, పదునాలుగేండ్ల వయస్సు. మన ఇండ్లలో పిల్లలు బడి వదలగానే కండెలు చుట్టుటకో, పడుగు అతుకుటకో, తండ్రి పక్కన కూర్చుండి నేత నేర్చుటకో మొదలుపెట్టు వయస్సు అదియే. వీడు మగ్గము మీదనే ఉండవలెనా, వేరు దారి చూడవలెనా అను మాట తల్లిదండ్రుల మధ్య పుట్టునది కూడ అప్పుడే. కావున ఆ వయస్సు పిల్లలను పిలుచు ఏ కార్యక్రమమైనను మన సంఘములకు సంబంధించినదే.

ఇందులో నేను చెప్పదలచినది ఒక్కటే. ఈ కార్యక్రమము ఉద్యోగమునకు టిక్కెట్టు కాదు. కాని పోలీసు స్టేషను అనిన గడప తొక్కుటకు జంకు ఇండ్లలో చట్టము తెలిసిన పిల్ల ఒకతె ఉండుట ఉద్యోగమునకు తీసిపోని లాభము. ఈ రెండును కలిపి గందరగోళము చేసికొనకుండ పిల్లలను పంపవలెను.

కార్యక్రమము ఎట్టిది?

మన దేశమున ఈ పనికి చక్కని రూపము ఇచ్చినది కేరళ రాష్ట్రము. 2010 ఆగస్టు 2వ తేదీన 127 పాఠశాలలలో స్టూడెంట్ పోలీస్ కెడెట్ అను పేరుతో అచ్చట ఇది మొదలైనది. పోలీసు శాఖయు విద్యాశాఖయు కలిసి నడుపుచున్నవి. ఒక్కొక్క బడిలో 44 మంది పిల్లల దళము. అందులో సగము బాలురు, సగము బాలికలు. బడిలోని ఇద్దరు ఉపాధ్యాయులు దళమునకు బాధ్యులు. పోలీసు శాఖ నుండి వచ్చువారు కవాతు నేర్పుదురు. కవాతు ఇందులో ఒక పాలు మాత్రమే. చట్టమును గురించిన తరగతులు, రోడ్డు భద్రత, మత్తు పదార్థముల వలని కీడు, ఆపదలో సాయము చేయు విధము, ఇవి తక్కిన పాలు.

2018 జూలై 21న అప్పటి కేంద్ర హోం మంత్రి రాజ్‌నాథ్ సింగ్ హర్యానాలోని గురుగ్రామమున దీనిని దేశమంతటికి ప్రారంభించిరి. రాష్ట్రములకు 67 కోట్ల రూపాయలు విడుదల చేసిరి. బోధన సామగ్రికి, శిక్షణకు, చిల్లర ఖర్చులకు ఒక్కొక్క బడికి 50 వేల రూపాయలని నిర్ణయించిరి. ముందుగా ప్రభుత్వ పాఠశాలలకే. నెలకు ఒక్క తరగతి. నిర్ణీత పాఠ్యపుస్తకము లేదు, పరీక్ష లేదు. పాఠములు రెండు తెగలు. మొదటిది నేరముల నివారణ: ప్రజలు, పోలీసులు కలిసి పనిచేయుట, రోడ్డు భద్రత, సాంఘిక దురాచారములు, స్త్రీల, పిల్లల రక్షణ, లంచగొండితనము, విపత్తులు. రెండవది నడవడి: పెద్దలయెడ గౌరవము, ఓర్పు, పరుల కష్టము తెలియుట, కలిసి పనిచేయుట, క్రమశిక్షణ.

మన కర్నాటకమున దీనితో పాటు ‘తెరెద మనె’ అను మరియొక కార్యక్రమము కలదు. తెరచిన ఇల్లు అని అర్థము. బడిపిల్లలను స్టేషనుకు పిలిచి లోపలి పనులు చూపుదురు. ఫిర్యాదు ఎవరు వ్రాసికొందురు, రైటరు ఏమి చేయును, వైర్లెస్సు ఎట్లు పనిచేయును, రాత్రి గస్తీ ఎవరెవరికి ఎట్లు పంచుదురు అనునవి కండ్లార చూడవచ్చును. పోలీసు అనిన లాఠీయు, ఖాకీ బట్టయు మాత్రమే కాదు. వేలిముద్రల పని, సైబర్ నేరముల పని, నేరస్థలమున దొరికిన వస్తువులను ప్రయోగశాలలో పరీక్షించు పని కలవు. ప్రయోగశాల పనికి సైన్సు డిగ్రీ కావలెను. పదవ తరగతి తరువాత ఏ చదువు తీసికొనవలెనో తోచని పిల్లకు ఇట్టి సంగతి ముందుగా తెలియుట మంచిది. మీ పిల్లల బడిలో వీనిలో ఏది నడుచుచున్నదో హెడ్‌మాస్టరు గారిని అడిగి తెలిసికొనుడు.

ఇతర దేశముల అనుభవము

ఇట్టివి ఇతర దేశములలో మనకంటె ముందే కలవు. ఇంగ్లాండులో 13 మొదలు 18 ఏండ్ల పిల్లలకు స్వచ్ఛంద పోలీసు కెడెట్ దళములు ఉన్నవి. అమెరికాలో స్కౌటు సంస్థకు అనుబంధముగా ‘ఎక్స్‌ప్లోరర్’ అను పేరుతో 14 మొదలు 20 ఏండ్లవారిని పోలీసు శాఖలు చేర్చుకొని, పని చూపి, కొంత పని నేర్పుచున్నవి. ఆ దారిని పోలీసు ఉద్యోగములలో చేరినవారు అనేకులు.

అయితే అమెరికా అనుభవములో మనము గమనింపవలసిన చేదు సంగతి కూడ కలదు. మార్షల్ ప్రాజెక్టు అను పత్రికా సంస్థ 2024లో ఈ విషయము పరిశోధించి ప్రకటించినది. 1974 నుండి దాదాపు 200 ఆరోపణలు లెక్కకు వచ్చినవి. అవి ఎక్స్‌ప్లోరర్ పిల్లలయెడ పోలీసు ఉద్యోగులు లైంగికముగా చెడుగా ప్రవర్తించిరను ఆరోపణలు. పెద్దవాడు ఒంటరిగా పిల్లను బండిలో ఎక్కించుకొని గస్తీకి తీసికొనిపోవుట, వేళగాని వేళ ఫోనులో మాటలాడుట వంటి సందుల గుండ ఈ కీడు దూరినది. దీనిని బట్టి కార్యక్రమమే వలదని నా భావము కాదు. దారమునకు చిక్కు పడునని మగ్గము కట్టుట మానము గదా. కాని ఏ శాఖవారైనను సరే, పిల్లను ఒంటరిగా ఒకరి వెంట పంపరాదు. మన దేశమున 2012 నాటి పోక్సో చట్టము పిల్లలను ఇట్టి నేరముల నుండి కాపాడుటకు ఏర్పడినది. నేరము చేసినవాడు పోలీసు ఉద్యోగియే అయినచో ఆ చట్టము దానిని మరింత తీవ్రమైన నేరముగా ఎంచును. ఈ మాట పిల్లలకును, తల్లిదండ్రులకును తెలిసి ఉండవలెను.

మన తాలూకా పరిస్థితి

పావగడ తాలూకాకు మూడు వైపుల ఆంధ్రప్రదేశ్. ఇంటిలో తెలుగు, కచేరీలో కన్నడము, బట్టల బేరములో ఆ రెండును. మన వై.ఎన్.హొసకోటలో పోలీసు స్టేషను ఉన్నది. అయినను దానిలోనికి తనంత తానుగా పోయి మాటలాడిన నేతగాడు ఎందరు? దొంగతనము జరిగినను, బేరగాడు మోసము చేసినను, మొదట పెద్దమనుష్యుల దగ్గరకు పోవుదుము. అది తీరనిచో తలవ్రాత అని ఊరకుందుము.

ఈ జంకునకు కొంత చరిత్ర కూడ కలదు. 2005 ఫిబ్రవరిలో మన తాలూకాలోని వెంకటమ్మనహళ్ళిలో రాష్ట్ర రిజర్వు పోలీసుల శిబిరముపై నక్సలైట్లు దాడి చేసిరి. పలువురు పోలీసులు ప్రాణములు కోల్పోయిరి. ఆ తరువాత చాలకాలము ఈ ప్రాంతమున ఖాకీ బట్ట కనబడిన భయము, కనబడకున్నను భయము. చనిపోయినవారు కూడ నెల జీతము మీద ఇల్లు నడుపుకొను బీద ఇండ్ల బిడ్డలే అను మాట అప్పటి పెద్దలకు తెలియును. ఇప్పుడు బడిలో ఉన్న పిల్లలు ఆ తరువాత పుట్టినవారు. వారికి పాత భయమును వారసత్వముగా ఇచ్చుటకంటె స్టేషను లోపల ఏమి జరుగునో పగటి వెలుతురులో చూపుట మేలు.

నేత ఇంటికి లాభమేమి?

చట్టము పాఠముగా విన్న పిల్ల ఇంటికి తెచ్చు సంగతులు కొన్ని చెప్పెదను.

మొదటిది ఎఫ్.ఐ.ఆర్. సంగతి. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన క్రొత్త చట్టము ప్రకారము, పోలీసులు నేరుగా విచారింపదగిన నేరము ఏ స్టేషను సరిహద్దులో జరిగినను, దగ్గరి స్టేషనులో సమాచారము ఇయ్యవచ్చును. దీనినే జీరో ఎఫ్.ఐ.ఆర్. అందురు. వ్రాసికొన్నదాని నకలును ఫిర్యాదుదారునకు రుసుము లేకుండ ఇయ్యవలెను. సరిహద్దు తాలూకాలో ఉండి, రెండు రాష్ట్రముల సంతలకు చీరలు మోసికొనిపోవు మనకు ఇది ఎంతటి అక్కరయో చెప్పనక్కరలేదు.

రెండవది ఫోను మోసము. ఇప్పుడు చీరల బేరము చాలవరకు ఫోనులోనే. డబ్బు పంపినట్లు బొమ్మ చూపి సరుకు తీసికొనుట, రహస్య సంఖ్య అడిగి బ్యాంకు ఖాతా తుడిచివేయుట, ఇట్టి మోసములు నిత్యము వినుచున్నాము. అట్టిది జరిగిన వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా చేసిన, పోయిన డబ్బును బ్యాంకులో నిలిపివేయుటకు అంత అవకాశము. మరునాడు చేయుదమని పడుకొన్న డబ్బు చేజారును. ఏ ఆపదకైనను 112, పిల్లల ఆపదకు 1098. ఈ మూడు సంఖ్యలు మగ్గము పక్క గోడ మీద వ్రాసి ఉంచదగినవి.

మూడవది పిల్లల చట్టములు. 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము ప్రతి స్టేషనులో పిల్లల విషయములు చూచుటకు ఏ.ఎస్.ఐ. స్థాయికి తగ్గని ఒక అధికారి ఉండవలెను. పోక్సో కేసులో పిల్ల చెప్పు మాట వ్రాసికొనునప్పుడు పోలీసులు యూనిఫారము ధరింపరాదు. పిల్లను రాత్రివేళ స్టేషనులో ఉంచరాదు. మనకు సూటిగా తగులు చట్టము మరియొకటి కలదు. 1986 నాటి బాలకార్మిక చట్టమును 2016లో సవరించిరి. దాని ప్రకారము 14 ఏండ్లు నిండని పిల్లను పనిలో పెట్టరాదు. అపాయము లేని ఇంటి పనిలో, సొంత కుటుంబమునకు, బడి వేళలు కానప్పుడు లేదా సెలవులలో సాయము చేయవచ్చును. బడి మాన్పించి మగ్గము మీద కూర్చుండబెట్టుట చట్టవిరుద్ధము. ఈ పాఠము పిల్ల ఇంటికి తెచ్చి అప్పగించినప్పుడు కోపగింపకుడు.

నాలుగవది మన వృత్తి చట్టము. 1985 నాటి చేనేత రిజర్వేషను చట్టము క్రింద 11 రకముల బట్టలు చేమగ్గములకే ప్రత్యేకింపబడినవి. నిర్ణయింపబడిన లక్షణములు గల చీర, ధోవతి, తువాలు, లుంగీ, దుప్పటి మొదలగునవి అందులో కలవు. ఆ లక్షణములు గల బట్టను మరమగ్గము మీద నేయుట నేరము. కాని నేసినదానిని చూచి ఇది చేతినేత, ఇది మర నేత అని గుర్తింపగలవారు అధికారులలో ఎందరు? అంచు చూచి, వెనుక తిప్పి, జరీ ఎట్లు తిరిగినదో చూచి చెప్పగలది నేత ఇంటి బిడ్డయే. అట్టి బిడ్డ ఒకరు ఖాకీ బట్టలో ఉన్ననాడు ఈ చట్టమునకు ప్రాణము వచ్చును.

ఉద్యోగము వచ్చునా?

తల్లిదండ్రులు ముందుగా అడుగు ప్రశ్న ఇదియే. సమాధానము సూటిగా చెప్పెదను. కెడెట్‌గా చేరినంత మాత్రమున ఉద్యోగము రాదు. కెడెట్‌కు అరెస్టు చేయు అధికారము లేదు, జీతము లేదు. ఉద్యోగమునకు వేరే ప్రకటన, వేరే పరీక్ష, వేరే దేహ పరీక్ష. కార్యక్రమము పేరు చెప్పి ఉద్యోగము ఇప్పింతునని డబ్బు అడుగు మనిషి ఎవడైనను మోసగాడే.

ఇటీవలి ప్రకటనలను బట్టి కొలతలు ఇవి. కర్నాటక సివిల్ కానిస్టేబులునకు పి.యు.సి. కావలెను, సాయుధ దళపు కానిస్టేబులునకు ఎస్.ఎస్.ఎల్.సి. చాలును. పురుషులకు ఎత్తు 168 సెంటీమీటర్లు, స్త్రీలకు 157. పురుషులు 1600 మీటర్ల దూరము ఆరున్నర నిమిషములలో, స్త్రీలు 400 మీటర్లు రెండు నిమిషములలో పరుగెత్తవలెను. కేంద్ర సాయుధ దళముల కానిస్టేబులు పరీక్షకు పదవ తరగతి చాలును. వయస్సు 18 మొదలు 23. వెనుకబడిన తరగతులకు మూడేండ్ల సడలింపు. పురుషులకు ఎత్తు 170, పరుగు 5 కిలోమీటర్లు 24 నిమిషములలో. ప్రకటన వచ్చినప్పుడెల్ల మరల సరిచూచుకొనవలెను.

మన పిల్లలకు ఒక శుభవార్త కలదు. ఈ కేంద్ర దళముల పరీక్ష 2024 నుండి హిందీ, ఇంగ్లీషులతో పాటు 13 ప్రాంతీయ భాషలలో జరుగుచున్నది. అందులో తెలుగు కలదు, కన్నడమును కలదు. ఇంటిలో ఒక భాష, బడిలో ఒక భాష అని ఇంతవరకు మనము కొరతగా చెప్పుకొన్నది ఇచ్చట కొరత కాదు. కాని రాష్ట్ర పోలీసు కొలువునకు కన్నడము వ్రాయుట, చదువుట చక్కగా రావలెను. మాటలాడిన చాలదు.

ఎన్.సి.సి. వేరు, ఇది వేరు. ఎన్.సి.సి. 1948లో పుట్టినది. దాని సర్టిఫికెట్లకు ఈ కేంద్ర పరీక్షలో అదనపు మార్కులు కలవు: సి సర్టిఫికెట్టునకు మొత్తము మార్కులలో నూటికి 5, బి కి 3, ఎ కి 2. బడిలోగాని, కాలేజీలోగాని ఎన్.సి.సి. ఉన్నచో కొలువు కోరు పిల్ల అందులో కూడ చేరవలెను.

దేహమును గురించి ఒక మాట. గుంటలో కాళ్ళు పెట్టి, నడుము వంచి, దినమంతయు కూర్చుండు పనిలో పెరిగిన పిల్లకు చేతి బలము, కంటి చూపు, ఓర్పు కలుగును. ఊపిరి, తొడ బలము రావు. పరుగు పద్దెనిమిదవ ఏట ప్రారంభించిన ఆలస్యమగును. పదమూడవ ఏటనుండి తెల్లవారుజామున అరగంట పరుగెత్తు అలవాటు ఉన్నచో కొలువు వచ్చినను రాకున్నను దేహము నిలుచును.

మగ్గము ఖాళీ కాదా?

సహకార సంఘ కార్యదర్శియై ఉండి పిల్లలను వేరు కొలువులకు పంపుమని చెప్పుట న్యాయమా అని అడుగువారు ఉందురు. ఆ ప్రశ్నలో బాధ కలదు. 2009-10 నాటి అఖిల భారత చేనేత గణనలో చేనేత పనివారు 43 లక్షల 31 వేలు. 2019-20 నాటి గణనలో 35 లక్షల 22 వేలు. పదేండ్లలో ఎనిమిది లక్షల మంది తగ్గిరి. ఈ తగ్గుదల ఏ కెడెట్ దళము వలన కలిగినది కాదు. రెండవ గణనలోనే కారణము కనబడుచున్నది. నేత కుటుంబములలో నూటికి 66కు పైగా నెలకు 5 వేల రూపాయల లోపు ఆదాయముగలవని అందులో తేలినది. కూలి గిట్టుబాటు కాకున్నచో పిల్లను కట్టివేసినను నిలువదు. గిట్టుబాటు అయినచో లోకమంతయు చూచి వచ్చిన పిల్ల కూడ మగ్గము దగ్గరకు తిరిగి వచ్చును. కూలి పెంచు పని సంఘములది. దానిని పిల్ల చదువు మీదను, కోరిక మీదను మోపుట తగదు. ఇంటిలో ఒకరి నెల జీతము వచ్చుచున్నచో తక్కినవారు అప్పుకు లోబడక, మంచి ధర వచ్చువరకు చీర చేత పట్టుకొని నిలువగలరు. ఇది కూడ మగ్గమునకు ఆసరాయే.

సంఘములు చేయదగిన పనులు

1. ప్రతి సంఘము తన ఊరి ప్రభుత్వ పాఠశాలలో ఈ కార్యక్రమము ఉన్నదా అని వ్రాతమూలముగా హెడ్‌మాస్టరు గారిని అడుగవలెను. లేనిచో కోరవలెను.

2. పిల్లలను ఎన్నుకొనునప్పుడు కులము, పలుకుబడి చూడక, ఆడపిల్లలకు సగము చోటు ఉండునట్లు తల్లిదండ్రుల సభలో మాటలాడవలెను.

3. స్టేషనుకు పోవునాడు ఇద్దరు ఉపాధ్యాయులు వెంట ఉండవలెను. బాలికలు ఉన్నచో ఒకరు ఉపాధ్యాయిని కావలెను. చీకటి పడకమునుపే పిల్లలు ఇండ్లకు చేరవలెను. పిల్లకు వేరుగా ఫోను చేయుట, వేరుగా రమ్మనుట కూడదని ముందే చెప్పవలెను.

4. పిల్లలను జాతర గుంపులను అదుపు చేయుటకుగాని, ఇరుగుపొరుగువారి మీద చాడీలు చెప్పుటకుగాని వాడుకొనరాదు. ఊరిలో పిల్ల తిరుగవలసినది విద్యార్థిగానే.

5. ఆ తరగతి ఉన్న దినమున పిల్లకు మగ్గము పని చెప్పకుడు. నెలకు ఒక్క తరగతి అనిన సంవత్సరమునకు పది, పన్నెండు గంటలు. ఒక్క పట్టుచీర మీద గడుచు దినములతో పోల్చిన ఇది ఏ మూలకు?

6. సంవత్సరమునకు ఒకమారు పిల్లలను సంఘ కార్యాలయమునకు పిలిచి, నేర్చినది సభ్యుల ముందు చెప్పింపవలెను. 1930 సంఖ్య, ఎఫ్.ఐ.ఆర్. నకలు, చేనేత చట్టము, ఈ మూడు విషయములు పిల్లల నోట పెద్దలు విన్న చాలు. అదే దినమున స్టేషను అధికారిని, సిబ్బందిని పిలిచి చేమగ్గపు నేత, మరమగ్గపు నేత పక్కపక్కన పరచి భేదము చూపవలెను. వారు మన పిల్లలకు తమ పని చూపునప్పుడు మనము వారికి మన పని చూపుట న్యాయము.

పై ఆరింటికి ఖర్చు ఏమియు లేదు. హెడ్‌మాస్టరు గారికి ఒక ఉత్తరము, ఒక సభ, సంవత్సరమునకు ఒక మధ్యాహ్నము. బడులు తెరచు నెలకు ముందే ప్రతి సంఘము కార్యవర్గ సమావేశములో ఈ విషయము పెట్టి తీర్మానము వ్రాసికొనవలెనని సభ్యులను కోరుచున్నాను.